రోడ్డు ప్రమాదంలో గాయపడినవారు నష్టపరిహారం క్లెయిమ్ ఎలా వేయాలి?

బెంజి సర్కిల్ దగ్గర లారీ తగిలి కాలు విరిగింది, ఇప్పుడు ఎవరిని అడగాలి? ఆటో నడిపినతనికి సరైన లైసెన్సు లేదట, ఇక డబ్బు రాదా? ఆ రోజు పోలీసు కేసు వద్దనుకున్నాం, ఇప్పుడు పెట్టవచ్చా? విజయవాడ, గుంటూరు పాఠకులు తరచూ అడిగే ప్రశ్నలు ఇవే. అందువల్ల ప్రమాదం జరిగిన గంట మొదలుకొని సొమ్ము బ్యాంకు ఖాతాలో పడే రోజు వరకు మీరు చేయవలసిన పనులను వరుసగా రాస్తున్నాను. ప్రధానంగా గాయపడినవారి కోసమే రాస్తున్నాను గానీ, మరణం సంభవించిన కుటుంబాలకు కూడా దారి చాలావరకు ఇదే కనుక, తేడా ఉన్నచోట ఆ సంగతి విడిగా చెబుతాను.

ఒక మాట ముందుగానే చెప్పాలి. నేను చూసిన ఫైళ్లలో క్లెయిమును దెబ్బతీసినది చాలాసార్లు మొదటి రెండు రోజుల్లో పుట్టిన కాగితాల మధ్య పొంతన లేకపోవడమే. ఆస్పత్రి చీటీలో ఒకటి, ఎఫ్‌ఐఆర్‌లో మరొకటి, పిటిషన్‌లో ఇంకొకటి ఉంటే బీమా కంపెనీ న్యాయవాదికి వేరే ఆయుధం అక్కరలేదు. కాబట్టి ఈ దశలన్నింటిలోనూ, ఏ కాగితం చేతికి వచ్చినా అక్కడే నిలబడి చదివే అలవాటు చేసుకోండి.

సమకూర్చుకోవలసినవి

- ఎఫ్‌ఐఆర్ నకలు, పోలీసులు చార్జిషీటు దాఖలు చేశాక దాని నకలు
- గాయాల ధ్రువీకరణ పత్రం, అంటే కోర్టులో అందరూ వూండ్ సర్టిఫికెట్ అనేది
- డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, స్కానింగ్ నివేదికలు, పేరు, తేదీ ఉన్న మందుల బిల్లులు
- మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు తనిఖీ నివేదిక, అంటే ఎంవీఐ రిపోర్టు
- ప్రమాదం చేసిన వాహనం ఆర్‌సీ, బీమా పాలసీ, డ్రైవరు లైసెన్సు వివరాలు
- మీ ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, వయసుకు ఆధారం, ఆదాయానికి ఆధారం
- మరణం అయితే పోస్టుమార్టం నివేదిక, శవపంచనామా, మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం

ఇవన్నీ మొదటి రోజే దొరకవు. దొరికినవి దొరికినట్లు ఒకే సంచిలో దాచి, ప్రతిదానికీ రెండు జిరాక్సులు తీయించి, అసలు కాగితాన్ని ఎవరికి ఇచ్చినా రసీదు తీసుకోండి.

1. ఆస్పత్రిలో ఏం చెప్పాలి?

చికిత్స మొదలుపెట్టడానికి పోలీసు కాగితం కావాలని ఏ ఆస్పత్రీ అడగకూడదు. అత్యవసర వైద్యానికి చట్టపరమైన లాంఛనాలు అడ్డు కాకూడదని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. దానికి తోడు, 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదురహిత చికిత్స పథకం కింద, మోటారు వాహన ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల మేరకు, గుర్తింపు పొందిన ఆస్పత్రులలో చికిత్స పొందే వీలుంది. 112కు ఫోన్ చేసి దగ్గరలోని అలాంటి ఆస్పత్రి ఏదో అడగండి. ఈ పథకాన్ని వాడుకున్నంత మాత్రాన నష్టపరిహారం అడిగే హక్కు పోదు.

అసలు చిక్కు క్యాజువాలిటీలో వస్తుంది. రోగిని తెచ్చిన బంధువు, కేసూ గొడవా ఎందుకని, 'బండి జారి పడ్డాడు' అని చెబుతాడు. డ్యూటీ డాక్టరు అదే రాస్తారు. నెల తర్వాత ఖర్చు లక్షల్లోకి వెళ్లినప్పుడు, ఎదురుగా వచ్చిన కారు గుద్దిందని క్లెయిమ్ వేస్తారు. అప్పుడు ఆస్పత్రి రికార్డులో ఉన్న ఆ మూడు మాటలను చెరపడం ఎవరి తరమూ కాదు. అందుచేత ఏ వాహనం, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎలా తగిలిందో ఉన్నదున్నట్లు చెప్పండి. నంబరు తెలియకపోతే తెలియదనే చెప్పండి. ఆస్పత్రి నుంచి పోలీసులకు మెడికో లీగల్ సమాచారం, అంటే ప్రమాద కేసు వచ్చిందన్న కబురు, వెళ్లిందో లేదో అడిగి తెలుసుకోండి.

సరిచూసుకునే పద్ధతి: ఓపీ చీటీలోనూ కేసు షీటులోనూ గాయం ఎలా అయిందని రాశారో, ఎడమ కాలా కుడి కాలా, సమయం ఎంత, అన్నవి మర్నాడే చూడండి. పొరపాటుంటే వెంటనే వైద్యుడికి చెప్పి, సవరణ పక్కన సంతకం, తేదీ వేయించండి. డిశ్చార్జి అయ్యాక చేయించిన దిద్దుబాటును ఎవరూ నమ్మరు.

2. ఎఫ్‌ఐఆర్

ప్రమాదం జరిగిన ప్రాంతపు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. మంగళగిరి వద్ద జాతీయ రహదారి మీద దెబ్బ తగిలి విజయవాడ ఆస్పత్రిలో చేరితే, పరిధి మాది కాదని ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్‌కు తిప్పడం జరుగుతుంటుంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్ష సంహిత ప్రకారం పరిధితో నిమిత్తం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు, వారు దానిని జీరో ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. మీరు మంచం మీద ఉంటే మీ తరఫున ఇంట్లోవారు గానీ, చూసినవారు గానీ ఇవ్వవచ్చు.

ఆలస్యమైతే అంతా పోయినట్లు కాదు. చికిత్సలో ఉండి నాలుగు రోజుల తర్వాత ఇచ్చిన ఫిర్యాదును ఆలస్యం ఒక్కటే కారణంగా ట్రిబ్యునల్, అంటే ప్రమాద క్లెయిములు విచారించే కోర్టు, కొట్టివేయదు, కాకపోతే ఆ ఆలస్యానికి కారణం ఫిర్యాదులోనే రాసి ఉండాలి.

హెచ్చరిక: స్టేషన్ ముందు టీ బడ్డీ దగ్గర జరిగే రాజీలతో జాగ్రత్త. వాహన యజమాని 20 వేలో 30 వేలో చేతిలో పెట్టి, 'ఇకపై మాకు ఎలాంటి క్లెయిమూ లేదు' అన్న తెల్లకాగితం మీద సంతకం అడుగుతాడు. ఎముక అతుకుతుందో లేదో, రెండో ఆపరేషన్ పడుతుందో లేదో వైద్యుడికే తెలియని వారంలో మీరు ఆ సంతకం పెట్టకూడదు. ఖర్చుల కోసం డబ్బు తీసుకోక తప్పనిస్థితి అయితే, 'వైద్య ఖర్చుల కింద ఇంత ముట్టింది' అని మాత్రమే రాసి ఇవ్వండి.

ఎఫ్‌ఐఆర్ తర్వాత పోలీసులకు ఉన్న బాధ్యతలు చాలామందికి తెలియవు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటలలోగా తొలి ప్రమాద నివేదికను, 50 రోజులలోగా మధ్యంతర నివేదికను, 90 రోజులలోగా సమగ్ర నివేదికను క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు పంపాలి. బీమా కంపెనీకి కూడా ప్రతులు చేరాలి. ఈ సమగ్ర నివేదికనే క్లెయిమ్ పిటిషన్‌గా పరిగణించే వీలు చట్టంలో ఉంది. అయినా దాని మీదే భారం వేసి కూర్చోవద్దని నా సలహా. నివేదిక వెళ్లిందా అని స్టేషన్‌లో అడగండి, పక్కనే మీ పిటిషన్ పని మీరు చేసుకోండి.

3. వాహనం, యజమాని, బీమా

ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో యజమాని అతనే. బండి అమ్మేశానని, పేరు మార్పు మాత్రం జరగలేదని అతను చెప్పినా బాధ్యత తప్పదని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. వాహన్ పోర్టల్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ నంబరు కొట్టి ఆర్‌సీ, బీమా గడువు చూడండి. అక్కడ కనిపించేది ఇవాళ్టి పాలసీ కావచ్చు. మీకు కావలసింది ప్రమాదం జరిగిన రోజున, ఆ గంటకు అమలులో ఉన్న పాలసీ. ప్రమాదం ఉదయం జరిగితే మధ్యాహ్నం పరుగెత్తుకెళ్లి పాలసీ కట్టిన యజమానులు ఉంటారు కనుక, పాలసీ మీద తేదీతోపాటు సమయం కూడా చదవండి.

బీమా ఉంటే డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. బీమా లేకపోతే యజమాని సొంతంగా కట్టాలి. అతని ఆస్తుల వివరాలు అప్పటి నుంచే సేకరించడం మంచిది. ఆర్టీసీ సొంత బస్సు అయితే సంస్థనే ప్రతివాదిగా చేర్చాలి. అద్దె బస్సు అయితే దాని యజమానినీ, అతని బీమా కంపెనీనీ కూడా కలపాలి.

గుద్దిన వాహనం దొరకకపోతే, అంటే ఢీకొట్టి వెళ్లిపోయిన కేసైతే, దారి వేరు. కోర్టుకు కాకుండా, ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ డివిజన్ కార్యాలయంలో, క్లెయిముల విచారణాధికారికి దరఖాస్తు పెట్టాలి. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇస్తారు. తర్వాత వాహనం దొరికి పరిహారం వస్తే ఈ సొమ్ము తిరిగి జమ చేసుకుంటారు. దరఖాస్తుతో ఎఫ్‌ఐఆర్, గాయాల పత్రం, గుర్తింపు కార్డు, పాసుపుస్తకం నకళ్లు చాలు. ఈ సంగతి తెలియక 'వాహనం దొరకలేదు' అన్న పోలీసుల మాటతోనే ఫైలు మూసేసుకునేవారు ఎందరో!

4. ఏ దారిన వెళ్లాలి?

మోటారు వాహనాల చట్టం, 1988లో ప్రధానమైనవి రెండు సెక్షన్లు. 164 కింద తప్పు ఎవరిదో రుజువు చేయనక్కరలేదు. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు, అంతే. 166 కింద అవతలి డ్రైవరు నిర్లక్ష్యాన్ని చూపించాలి, కాని మొత్తానికి పరిమితి లేదు. మీరు అడిగినదానికన్నా ఎక్కువ ఇవ్వడం న్యాయమనిపిస్తే ట్రిబ్యునల్ ఎక్కువ కూడా ఇవ్వవచ్చు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ప్రమాద సమాచారం అందాక బీమా కంపెనీ 164 కింద సొమ్ము ఇస్తామని ముందుకు రావచ్చు. దానిని మీరు అంగీకరించి తీసుకుంటే, ట్రిబ్యునల్‌లో మీరు వేసుకున్న పిటిషన్ అక్కడితో ముగిసిపోతుందని 166 సెక్షన్‌లోనే ఉంది. ఎముక విరిగి ఆరు వారాల్లో పనిలోకి వెళ్లగలిగినవారికి, తప్పు తమవైపే కొంత ఉన్నవారికి 2.5 లక్షలు మంచి మాటే. కాలు తీసేసినవారికి, వయసులో ఉన్న కూలీలకు అది పెద్ద నష్టం. కిందనున్న లెక్క వేసి చూడకుండా సంతకం చేయకండి.

పనిలో ఉండగా దెబ్బ తగిలిన లారీ క్లీనర్లు, డ్రైవర్లు, హమాలీలు ఉద్యోగుల పరిహార చట్టం, 1923 కింద కూడా అడగవచ్చు. తప్పు ఎవరిదన్న ప్రశ్న అక్కడ రాదు. అయితే ఈ చట్టమో, మోటారు వాహనాల చట్టమో ఏదో ఒకటే ఎంచుకోవాలి.

రైలు నుంచి జారిపడినవారు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు ఏడాదిలోగా వెళ్లాలి. వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందనుకునేవారు వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా వెళ్లాలి. ఆ రెండూ ఈ వ్యాసం పరిధిలోకి రావు.

5. గడువు, కోర్టు

ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలలోగా పిటిషన్ వేయాలన్న నియమం 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. అంతకుముందు గడువు లేని రోజులు చాలాకాలం నడిచాయి కనుక, 'ఎప్పుడైనా వేయవచ్చులే' అని పాతవారు ఇప్పటికీ చెబుతుంటారు. ఆ మాట నమ్మకండి. ఈ నియమం చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో పిటిషన్లు ఉన్నాయి, గడువు దాటిందన్న కారణంతో కేసులు కొట్టివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా వెలువడింది. ఆరు నెలలు దాటినవారికి అది ఆశ చూపే ఉత్తర్వే గానీ, ఇంకా గడువు లోపల ఉన్నవారు దానిని నమ్ముకుని జాప్యం చేయడం తెలివైన పని కాదు. చార్జిషీటు రాలేదని, డిజేబిలిటీ సర్టిఫికెట్ రాలేదని ఆగవద్దు. పిటిషన్ వేసి, ఆ కాగితాలు తర్వాత దాఖలు చేసుకోవచ్చు.

ప్రమాదం జరిగిన చోట, మీరు నివసించే లేదా వ్యాపారం చేసుకునే చోట, ప్రతివాది నివసించే చోట, ఈ మూడింటిలో ఏ పరిధిలోని ట్రిబ్యునల్‌లోనైనా వేయవచ్చు. హైదరాబాద్‌లో దెబ్బ తగిలిన గుంటూరువాసి గుంటూరులోనే వేసుకోవచ్చు. జిల్లా న్యాయమూర్తి, అదనపు జిల్లా న్యాయమూర్తుల కోర్టులే ట్రిబ్యునళ్లుగా పనిచేస్తాయి. విజయవాడలో అయితే 2022 ఆగస్టులో ప్రారంభమైన కొత్త కోర్టు భవన సముదాయానికి, గుంటూరులో అయితే జిల్లా కోర్టుకు వెళ్లాలి. మీ కేసుకు ఎంవీఓపీ నంబరు, అంటే మోటారు ప్రమాద పిటిషన్ నంబరు, పడుతుంది. ఆ నంబరును, ప్రతి కేసుకూ కోర్టు కంప్యూటర్ ఇచ్చే సీఎన్ఆర్ నంబరును రాసి పెట్టుకుంటే ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీలు మీరే చూసుకోవచ్చు.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం ఉంది. ఆస్పత్రి వరండాలో 'అంతా మేం చూసుకుంటాం, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి' అంటూ పలకరించే మధ్యవర్తులకు దూరంగా ఉండండి. ఫలితంలో వాటా మీద ఫీజు మాట్లాడుకోవడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారమే నిషిద్ధం. ఖాళీ వకాల్తా మీద, ఖాళీ చెక్కు మీద సంతకం చేయకండి.

సరిచూసుకునే పద్ధతి: పిటిషన్ దాఖలు కాకముందే ముసాయిదా అడిగి తీసుకుని, ప్రమాదం తేదీ, సమయం, స్థలం, వాహనం నంబరు, ఏ గాయాలు అన్న అయిదింటిని ఎఫ్‌ఐఆర్‌తోనూ వూండ్ సర్టిఫికెట్‌తోనూ వేలు పెట్టి పోల్చండి. ఏపీ 16 అన్నచోట ఏపీ 07 అని పడితే అది విజయవాడ బండి కాస్తా గుంటూరు బండి అవుతుంది. ఈ పొరపాటు నిజంగా జరిగిన ఫైలును నేను చూశాను, సవరణ పిటిషన్‌తోనే చాలా వాయిదాలు గడిచిపోయాయి.

6. ఎంత అడగాలి?

మందులు, ఆపరేషన్, ఆస్పత్రి ఖర్చు. మంచంలో ఉన్న నెలల ఆదాయ నష్టం. తోడుగా ఉన్నవారి ఖర్చు, రాకపోకలు, ప్రత్యేక ఆహారం. మున్ముందు పట్టే వైద్యం. నొప్పి, బాధ. జీవితంలో కోల్పోయిన సుఖాలు. వీటన్నింటికీ తోడు శాశ్వత వైకల్యం వల్ల భవిష్యత్ ఆదాయంలో వచ్చే తగ్గుదల. ఈ చివరిదే చాలా కేసుల్లో పెద్ద మొత్తం. దానినే అందరూ తక్కువగా అడుగుతారు.

ఒక లెక్క చూద్దాం. మిర్చి యార్డులో బస్తాలు మోసే 32 ఏళ్ల హమాలీ నెలకు 12,000 సంపాదిస్తున్నాడనుకోండి. ఏడాదికి 1,44,000. స్వయం ఉపాధిలోనో కూలిపనిలోనో ఉండి 40 ఏళ్ల లోపు ఉన్నవారికి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు చెబుతుంది. అది కలిపితే 2,01,600. వయసును బట్టి గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని ఎంతతో గుణించాలో చెప్పే అంకె, 2009 నాటి సరళా వర్మ తీర్పులో ఉంది: 15 నుంచి 25 ఏళ్ల వరకు 18, 26–30కి 17, 31–35కి 16, 36–40కి 15, 41–45కి 14, 46–50కి 13, 51–55కి 11, 56–60కి 9, 61–65కి 7, ఆపైన 5. మన హమాలీకి 16 కనుక 2,01,600ను 16తో గుణిస్తే 32,25,600. పని చేసే శక్తిలో అతను కోల్పోయింది ఎంత శాతమో దానితో ఈ మొత్తాన్ని గుణించాలి.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. కాలికి 40 శాతం వైకల్యం అని వైద్యుడు రాస్తే, సంపాదన కూడా 40 శాతమే తగ్గిందని అర్థం కాదు. బల్ల దగ్గర కూర్చుని లెక్కలు రాసే గుమాస్తాకు ఆ కాలు పెద్ద అడ్డు కాకపోవచ్చు, బస్తా మోసే మనిషికి అదే కాలు బతుకుదెరువు. వృత్తిని బట్టి ఆదాయ నష్టాన్ని అంచనా కట్టాలని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో చెప్పింది. ట్రిబ్యునల్ 30 శాతంగా తీసుకుంటే 9,67,680, 60 శాతంగా తీసుకుంటే 19,35,360. తేడా తొమ్మిదిన్నర లక్షలకు పైనే. ఆ తేడా అంతా, బరువు ఎత్తగలడా, మెట్లు ఎక్కగలడా, గొంతుక్కూర్చోగలడా అని బోనులో వైద్యుడిని అడిగే నాలుగు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది.

అందుకే సదరం సర్టిఫికెట్ ఒక్కటి పెట్టి ఊరుకుంటే చాలదు. అది పింఛనుకు పనికివచ్చినట్లు ఇక్కడ పూర్తిగా పనికిరాదు. ఆపరేషన్ చేసిన ఎముకల వైద్యుడినో, మెడికల్ బోర్డు వైద్యుడినో సాక్షిగా పిలిపించాలి. శాతం కాలికి సంబంధించినదా, మొత్తం శరీరానికి సంబంధించినదా అన్నది సర్టిఫికెట్‌లోనే స్పష్టంగా రాయించండి.

ఆదాయానికి కాగితం లేనివారు నిరాశపడనక్కరలేదు. యార్డు చీటీలు, కొట్టు యజమాని సాక్ష్యం, బ్యాంకు, ఫోన్‌పే లావాదేవీలు, ఆటోకు కట్టే ఫైనాన్స్ కిస్తీలు, ఇవన్నీ ఆధారాలే. అవీ లేకపోతే ట్రిబ్యునల్ తగిన ఊహాదాయం తీసుకుంటుంది. గృహిణి చేసే ఇంటిపనికి కూడా విలువ కట్టాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, పిటిషన్‌లో 'పని లేదు, ఇంట్లో ఉంటుంది' అని రాయనివ్వకండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉచితంగా చికిత్స పొందినవారికి ఆపరేషన్ బిల్లు ఉండదు, మిగతా పద్దులన్నీ యథాతథంగా అడగవచ్చు. డిశ్చార్జి సమ్మరీ మాత్రం పారేయకండి.

మరణం అయితే ఇదే గుణకం వాడతారు గానీ, మృతుడి సొంత ఖర్చు కింద కొంత తగ్గిస్తారు. పెళ్లికానివారైతే సగం, ఆధారపడినవారు ఇద్దరు ముగ్గురైతే మూడో వంతు, నలుగురు నుంచి ఆరుగురైతే నాలుగో వంతు. ఎల్‌ఐసీ సొమ్ము వచ్చిందన్న కారణంతో పరిహారం తగ్గించకూడదు.

7. విచారణలో నిలబడటం

మీరు చీఫ్ అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి రాసిచ్చే మీ సాక్ష్యం, దాఖలు చేస్తారు, బీమా కంపెనీ న్యాయవాది మిమ్మల్ని క్రాస్ చేస్తారు, అంటే దాని మీద ఎదురు ప్రశ్నలు వేస్తారు. అఫిడవిట్ తెలుగులో చదివి వినిపించమని అడిగి, అర్థమయ్యాకే సంతకం చేయండి. నిర్లక్ష్యం రుజువు కావడానికి క్రిమినల్ కేసులో లాగా అనుమానానికి తావులేని సాక్ష్యం అక్కరలేదు, ఎవరి వైపు సంభావ్యత మొగ్గుతుందో చూస్తారు. కాబట్టి మేజిస్ట్రేటు కోర్టులో డ్రైవరు నిర్దోషిగా బయటపడినా మీ పిటిషన్ దానంతటదే పోదు. ప్రత్యక్ష సాక్షి ఉంటే మంచిది. సీసీ కెమెరా దృశ్యాలు ఉంటే ఇంకా మంచిది, కాని దుకాణాల కెమెరాల్లో పాత దృశ్యాలు కొద్దిరోజుల్లోనే చెరిగిపోతాయి కనుక మొదటి వారంలోనే దర్యాప్తు అధికారికి లిఖితపూర్వకంగా చెప్పండి.

తరచూ వచ్చే సందేహాలకు ఇక్కడే జవాబులు.

హెల్మెట్ పెట్టుకోలేదు, లేదా బండి మీద ముగ్గురం ఉన్నాం: చట్టాన్ని ఉల్లంఘించారన్నది నిజమే. కాని ఆ ఉల్లంఘన వల్లనే ప్రమాదం జరిగిందనో, గాయం పెరిగిందనో రుజువైతేనే మీ వంతు నిర్లక్ష్యంగా కోత పెట్టవచ్చు. కాలు విరిగినవాడికి హెల్మెట్ లేదని తగ్గించడానికి ఆధారం లేదు.

డ్రైవరుకు సరైన లైసెన్సు లేదు: చాలా సందర్భాలలో బీమా కంపెనీ ముందు మీకు చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని ట్రిబ్యునల్ ఆదేశిస్తుంది. పైగా 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆటోలు, చిన్న ట్రక్కుల విషయంలో కంపెనీ ఈ అభ్యంతరం లేవదీస్తే మీ న్యాయవాదికి ఆ తీర్పు గుర్తుచేయండి.

సరుకు బండిలో ప్రయాణించాం: ఇది నిజంగా కష్టమైన కేసు. సరుకు యజమానిగానో అతని ప్రతినిధిగానో ఉంటే బీమా వర్తిస్తుంది. పెళ్లికో తిరునాళ్లకో ట్రక్కు ఎక్కినవారికి ఆ పాలసీ వర్తించదు, వాహన యజమాని మీద మాత్రమే మీ హక్కు నిలుస్తుంది.

నేనే జారి పడ్డాను: ఇతరుల తప్పు లేనప్పుడు 166 కింద క్లెయిమ్ నిలవదు. మీ బండి పాలసీలో యజమాని–డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా, 15 లక్షలది, ఉందేమో చూడండి. బండి మీ పేరున ఉండి, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటే నేరుగా కంపెనీకి క్లెయిమ్ పెట్టవచ్చు. అది మరణానికి, పాలసీలో రాసిన కొన్ని శాశ్వత వైకల్యాలకు మాత్రమే. లేని కారును సృష్టించి ఎఫ్‌ఐఆర్ పెట్టించే సలహాలు ఎవరైనా ఇస్తే వినకండి, ఆ కాగితం మిమ్మల్నే ముద్దాయిని చేస్తుంది.

8. లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చా?

పడవచ్చు, కాని లెక్క చేతిలో పెట్టుకుని వెళ్లండి. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడి తీర్పు, మీద అప్పీలు ఉండదు. మీ లెక్కలో వచ్చిన మొత్తం నుంచి, మీ కేసులో ఉన్న బలహీనతకు కొంత, తొందరగా డబ్బు రావడానికి కొంత తగ్గించుకుంటే ఎంత వస్తుందో అది మీ కనీస మొత్తం. రెండో ఆపరేషన్ మిగిలి ఉంటే దాని అంచనా ఖర్చు ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద రాయించి తీసుకెళ్లండి. వడ్డీ కలిపిన మొత్తమా, వడ్డీ కాకుండానా అన్నది సంతకానికి ముందే స్పష్టం చేసుకోండి, అక్కడ మోసపోవడం చాలా సులువు.

9. తీర్పు వచ్చాక

తీర్పు నకలు తీసుకుని మూడు విషయాలు చూడండి: ఏ పద్దు కింద ఎంత ఇచ్చారు, కూడిక సరిపోయిందా, వడ్డీ ఏ తేదీ నుంచి ఎంత శాతం. సాధారణంగా వడ్డీ పిటిషన్ తేదీ నుంచి నడుస్తుంది. 6,00,000 అవార్డుకు 7.5 శాతం చొప్పున 2 ఏళ్ల 4 నెలలకు 1,05,000 రావాలి. కంపెనీ జమ చేసిన మొత్తాన్ని ఇలాగే మీరే లెక్క కట్టి సరిచూసుకోండి.

తక్కువ వచ్చిందనిపిస్తే 90 రోజులలోగా అమరావతిలోని హైకోర్టులో అప్పీలు వేయవచ్చు. వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయల కన్నా తక్కువైతే మాత్రం అప్పీలు లేదు. కంపెనీ అప్పీలుకు వెళ్లి స్టే అడిగితే, కొంత సొమ్ము జమ చేయించి మీరు తీసుకునే అనుమతి కోరవచ్చు.

సొమ్ము జమ అయినట్లు తెలిశాక, విడుదల కోసం పిటిషన్ వేయాలి. మైనర్ల వాటాను, ఒక్కోసారి పెద్దల వాటాలో కొంత భాగాన్ని కూడా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమని ట్రిబ్యునల్ చెబుతుంది. అలాంటప్పుడు అసలు బాండు కాగితం ఎక్కడుందో, గడువు ఎప్పుడు తీరుతుందో రాసుకోండి. చివరగా తీర్పులో మీ పేరు, పాసుపుస్తకంలో మీ పేరు అక్షరం అక్షరం పోల్చండి. తీర్పులో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక ఉండి, సొమ్ము వచ్చి కూడా చేతికందక రెండు వాయిదాలు తిరిగినవారిని నేను ఎరుగుదును. తేడా ఉంటే విడుదల పిటిషన్‌తోపాటే ఒకే వ్యక్తినన్న అఫిడవిట్, ఆధార్ నకలు జతచేయండి.